చూసినకొద్దీ దూరమయ్యే చెయ్యి

తన చెయ్యి తన నోటికి రావాలి. నా కూతురి కోసం దేవుణ్ణి అడిగినవన్నీ తరిగి తరిగి చివరికి ఈ ఒక్కదాని దగ్గర ఆగాయి. మొదట్లో చాలా అడిగాను. నడవాలన్నాను, మాట్లాడాలన్నాను, బడికి పోవాలన్నాను, సంఘం ముందు నిలబడి వాక్యం అప్పజెప్పాలన్నాను. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చి ఒక ముద్ద దగ్గర నిలబడిపోయాను. కంచంలో పెట్టిన సంగటి ముద్దను తన చేత్తో తీసుకుని తన నోట్లో పెట్టుకోగలిగితే చాలు. మేము పోయిన తర్వాత ఎవరో ఒకరు కంచం ముందు పెడతారు. కంచం పెట్టే మనిషి దొరుకుతుంది. పూటపూటా పక్కన కూర్చుని, దగ్గు వస్తే ఆగి, కారింది తుడిచి, ఓపిగ్గా తినిపించే మనిషి ఎక్కడ దొరుకుతుంది?

ఆ ముద్ద నోటికి ఎందుకు రాదో చూసినవాళ్లకు గానీ అర్థం కాదు. పాప చేతిలో ముద్ద పెడితే దాన్ని చూడడానికి తల తిప్పేది. తల ఎటు తిరిగితే అటువైపు చెయ్యి కట్టెలాగా చాచుకుపోయేది. రెండో చెయ్యి మడుచుకుని చెవి దగ్గరికి పోయేది. విల్లు ఎక్కుపెట్టిన మనిషిలాగా ఉండేది. ముద్దను చూడకపోతే అది తన చేతిలో ఉన్న సంగతే ఆమెకు తెలియదు. చూసిందంటే చెయ్యి దూరం పోతుంది. ఆకలైనకొద్దీ ఇంకా గట్టిగా చూసేది. చూసినకొద్దీ చెయ్యి ఇంకా బిగుసుకుని దూరం పోయేది.

నేను పుట్టి పెరిగింది హిందూపురంలో. మా నాయన అక్కడి సంఘంలో ఉపదేశి. పాస్టరుగారు రాని రోజుల్లో ప్రార్థన నడిపేవాడు. మిగిలిన రోజుల్లో సైకిలు మీద పల్లెలు తిరిగి వాక్యం చెప్పేవాడు. నాకు అక్షరాలు రాకముందే లేఖనాలు నోటికి వచ్చాయి. పెళ్లయ్యే నాటికి ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. నాయన చనిపోయిన ఏడాదే పెళ్లయి పెనుకొండ వచ్చాను. మా ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల వెంట నడుస్తూ, కంకర సర్దుతూ, వదులైన బోల్టులు బిగించే పని. స్టేషను పక్కన చిన్న క్వార్టర్సులో ఉండేవాళ్లం. వాకిట్లో నిలబడితే పట్టాలు కనబడేవి. ఒకవైపు పోతే హిందూపురం, రెండోవైపు పోతే ధర్మవరం.

తొంభైల మొదట్లో పాప పుట్టింది. కాన్పు కష్టమైంది. పుట్టిన వెంటనే ఏడవలేదు. ఎంతోసేపటికి ఏడిచింది. ఆ ఆలస్యంలోనే అంతా జరిగిపోయిందని తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. అప్పుడు మాకు అవేమీ తెలియవు. బిడ్డ బతికింది, స్తోత్రం అనుకున్నాం.

గూడ్సుబండి కూత వేసినప్పుడల్లా పాప రెండు చేతులూ విప్పి పైకి విసిరేది. వేళ్లన్నీ విచ్చుకునేవి. ఒక క్షణం అట్లాగే గాల్లో ఉండి, తర్వాత చేతులు ఎదకు లాక్కుని ఏడ్చేది. పసిబిడ్డలు ఉలిక్కిపడడం మామూలే కదా.

"మన పాపకు బండ్ల టైము స్టేషన్ మాస్టరు కంటే బాగా తెలుస్తాది మ్మే," అనేవాడు మా ఆయన.

ఆదివారం పొద్దున పాసింజరు ఎక్కి హిందూపురం మందిరానికి పోయేవాళ్లం. రేకుల కప్పు, నేల మీద చాపలు, ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు. పాట ముగిసేచోట డోలు పెద్దగా మోగేది, తాళాలు మోగేవి, పాస్టరుగారు హల్లెలూయా అనేవారు, సంఘమంతా చేతులెత్తేది. మా సంఘంలో చేతులెత్తడం చిన్న విషయం కాదు. ఎవరు ఎత్తారు, ఎవరు ఎత్తలేదు, ఎవరు సగం ఎత్తి దించేశారు, అన్నీ కళ్లలో పడేవి. డోలు మోగిన ఆ క్షణంలోనే నా ఒళ్లో పాప రెండు చేతులూ పైకి లేచేవి.

మొదట చూసింది ఒక అవ్వ. చెరుకు తోటల్లో కూలికి పోయే మనిషి.

"సూడండమ్మా ఈ బిడ్డను. మనకంటే ముందే ఎత్తుతాండాది."

"ఊరికే కదిలించినాదేమోలే అవ్వా," అంది పక్కనామె.

"కదిలించేదానికి సరిగ్గా హల్లెలూయా కాడే కదిలిస్తాదా? నీ కొడుకు పదేండ్లోడు. ఒక్కనాడన్నా ఎత్తినాడా వాడు? చెనిక్కాయలు నములుతా కూసుంటాడు."

ఆ రోజు నుంచి పాట ముగిసే సమయానికి ఆడవాళ్లందరూ మావైపే చూసేవాళ్లు. పాప ఒక్కసారి కూడా తప్పేది కాదు. పాస్టరుగారు ఆమెను వేదిక మీదికి ఎత్తుకుపోయి, మాట రాని నోటికి బదులు చేతులతో స్తుతిస్తున్న బిడ్డ అని చూపించారు. గోరంట్ల వైపు నుంచి కూడా చూడడానికి వచ్చారు. జ్వరంగా ఉన్న పిల్లలను తెచ్చి పాప చెయ్యి వాళ్ల నెత్తిన పెట్టించుకుని పోయేవాళ్లు. చేతులెత్తిన తర్వాత పాప ఏడ్చేది కదా, అవి ఆత్మ కన్నీళ్లన్నారు.

నేనూ నమ్మాను. ఎందుకు నమ్మకూడదు? తల నిలపలేని బిడ్డ, ఒళ్లో నుంచి దించితే పక్కకు వాలిపోయే బిడ్డ. ఆ బిడ్డకు దేవుడు ఒకటైనా ఇచ్చాడని సంఘమంతా చెబుతుంటే ఏ తల్లి కాదంటుంది? రైల్లో జనం ఆమెను చూసి మొహం తిప్పుకునేవాళ్లు. మందిరంలో అదే బిడ్డ పాదాలు కళ్లకద్దుకునేవాళ్లు. వారమంతా ఆదివారం కోసం బతికాను.

పాపకు నాలుగో ఏడు నడుస్తుండగా మా ఆయనతో పనిచేసే ఒకాయన ధర్మవరం సంగతి చెప్పాడు. చేతులు కాళ్లు సరిగా లేని పిల్లలకు బుధవారం బుధవారం అక్కడ ఒక పాత బడి వరండాలో ఎక్సర్‌సైజులు చేయిస్తున్నారట. పాపను ఎత్తుకుని పోయాను. చాపల మీద పిల్లలు, పక్కన తల్లులు. మగ్గం పని చేసే ఆడవాళ్లే ఎక్కువ. కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక మేడం ఒక్కొక్క బిడ్డ దగ్గరే నేల మీద కూర్చుని చూస్తోంది.

పాపను వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద అరచెయ్యి పెట్టి, కొంచెం పైకెత్తి, ఆ చేతిని ఉన్నట్టుండి కాస్త కిందికి వదిలింది. పాప చేతులు రెండూ పైకి లేచాయి. వేళ్లు విచ్చుకున్నాయి. అచ్చం మందిరంలో లేచినట్టే లేచాయి. అక్కడ డోలు లేదు, పాట లేదు.

"చప్పుడు విన్నా ఇలాగే చేస్తుందా అమ్మా?"

"చేస్తాది మేడం. రైలు కూసినా చేస్తాది. చర్చిలో పాట అయిపోయినాక కూడా చేస్తాది. మా సంఘంలో అందరూ..." అని మొత్తం చెప్పేశాను. వేదిక సంగతి, గోరంట్ల వాళ్ల సంగతి కూడా.

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు సులువుగా ఉండేది. కోపం తెచ్చుకుని లేచి వచ్చేసేదాన్ని.

"అమ్మా, పుట్టిన ప్రతి బిడ్డకూ ఇలాంటివి కొన్ని ఉంటాయి," అంది. "బుద్ధి పనిచెయ్యడం మొదలుపెట్టక ముందే ఒళ్లు తనంతట తాను చేసే పనులు. నోటి దగ్గర వేలు పెడితే చీకుతుంది, అరచేతిలో ఏది పెట్టినా పిడికిలి బిగిస్తుంది, పడిపోతున్నట్టు అనిపిస్తే చేతులు విసురుతుంది. ప్రాణం నిలబడడానికి అవి కావాలి. కొన్ని నెలలు పోయాక బుద్ధి ఎదిగి వాటిని తనలో కలిపేసుకుంటుంది. మీ పాపకు కలవలేదు. అవి అడ్డంగా నిలబడ్డాయి. పాప ఏ పని చెయ్యాలన్నా ముందు అవి చేసేస్తున్నాయి."

"అంటే పాప చేతులెత్తేది..."

"పాప ఎత్తడం లేదమ్మా. అవి లేస్తున్నాయి."

తర్వాత పాప మొహాన్ని మెల్లగా ఒక పక్కకు తిప్పింది. ఆ పక్క చెయ్యి చాచుకుపోయింది. రెండో పక్కకు తిప్పింది. ఈ చెయ్యి చాచుకుపోయింది. ముద్ద నోటికి ఎందుకు రాదో నాకు ఆ రోజే తెలిసింది. పెనుకొండకు తిరుగు రైలెక్కాను. కంపార్టుమెంటులో బొరుగులు అమ్మే ఆమె పాప చేతులు చూసి, "ఏమ్మా, కరాటే నేర్పిస్తాండావా?" అంది. పాపకు కొంగు కప్పి ఎదకు ఆనించుకున్నాను.

ఇంట్లో మొదలుపెట్టాం. ఎక్సర్‌సైజు అనగానే కాళ్లు చేతులు పట్టి లాగడమని నేననుకున్నాను. ఇవి అట్లాంటివి కావు. నెమ్మదిగా చెయ్యాలి. బిడ్డ భయపడకూడదు. పాపను దుప్పటి మధ్యలో ముడుచుకున్నట్టు పడుకోబెట్టి, చేతులు ఎదమీద ఒకదాని మీద ఒకటి పెట్టి, ఆ కొస ఆయన, ఈ కొస నేను పట్టుకుని మెల్లగా ఊపాలి. కడుపులో ఉన్నప్పుడు ఉన్నట్టు ఉంచి, అప్పుడు జరగవలసింది ఇప్పుడు జరిపించాలని మేడం చెప్పింది. వాకిట్లో ఇట్లా ఊపుతుంటే పక్క క్వార్టర్సులో ఉండే, బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ చూసి, "ఏమప్పా, చెనిక్కాయలు చెరుగుతాండారా మొగుడూ పెండ్లాం?" అన్నాడు.

"అవునప్పా, ఈ పొద్దు పంట బాగొచ్చినాది," అన్నాడు మా ఆయన.

దుప్పటి తర్వాత బొంత చుట్టి గోనెసంచిలో బిగించిన దిండు మీద బోర్లా వేసి ముందుకూ వెనక్కూ కదిలించాలి. తర్వాత వీపు వెనక దిండు పెట్టి పక్కకు పడుకోబెట్టి, రెండు చేతులూ మొహానికి ఎదురుగా మధ్యలోకి తేవాలి. ఒక చేత్తో ఇంకో చేతిని తాకించాలి. బిగిసిన పిడికిలిని బయటి వైపు నుంచి నిమిరి నిమిరి తెరిపించి, రాగిపిండిలో అద్దాలి. మోచెయ్యి మడిచి పట్టుకుని తలను నూలుపోగంత చొప్పున మెల్లగా పక్కకు తిప్పాలి. చెయ్యి చాచుకోబోతుంటే ఆగాలి, మళ్లీ మధ్యకు తేవాలి. చెయ్యి కదలకుండా తల తిరగడం నేర్చుకోవాలి. అంతే పని. రోజూ, పొద్దునా సాయంత్రమూ.

మధ్యలో రైలు కూస్తే అంతా పోయేది. పాప బెదిరి, కట్టెలా బిగుసుకుని, మళ్లీ మెత్తబడేసరికి పొయ్యి మీద ఎసరు ఇంకిపోయేది. ఏ బండి ఎప్పుడొస్తుందో మా ఆయనకు తెలుసు. పట్టాల మీద పనిచేసేవాళ్లు రెండు బండ్ల మధ్య సందులోనే పని చేసుకోవాలి. ఇంట్లోనూ అట్లాగే చేశాం. "ఇప్పుడు ఖాళీ ఉండాది, కానీ మ్మే," అనేవాడు. బండి వచ్చే వేళకు నేను పాపను ఒళ్లో ముడిచి, చెవులు నా ఎదకు ఆనించి, పైన కొంగు కప్పి కూర్చునేదాన్ని. ఆయన పట్టాల మీద ఉన్న రోజుల్లో నేనే వాకిట్లోకి వచ్చి సిగ్నలు చూసుకునేదాన్ని.

మందిరంలోనూ అట్లాగే పట్టుకోవలసి వచ్చింది. పెద్ద చప్పుళ్లకు దూరంగా ఉంచమని, తప్పనప్పుడు ముడిచి పట్టుకోమని మేడం చెప్పింది. పాట చివరికి వచ్చేసరికి నేను పాప చేతులను ఎద మీద కలిపి, నా రెండు చేతులతో గట్టిగా అదుముకునేదాన్ని. అందరి చేతులూ లేచేవి. మా నాలుగు చేతులు లేచేవి కావు.

కొన్ని వారాలు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత పాస్టరుగారి భార్య నన్ను పక్కకు పిలిచింది. అమ్మగారు అంటాం ఆమెను. నా పెళ్లికి చీర కుచ్చిళ్లు పెట్టిన మనిషి. నాకు తల్లి లేకపోతే తల్లిలా నిలబడింది.

"ఏమ్మా, బిడ్డ చేతులు మూసి పెడతాండావంట."

"డాక్టరు చెప్పినారమ్మగారూ. అది ఉలికిపాటంట. అది పోతేనే బిడ్డ కూసుంటాదంట, తింటాదంట."

"డాక్టర్లు ఒంటికి చెప్తారు. ఆత్మకు ఎవురు చెప్తారు? నువ్వు ఉపదేశి కూతురివి. మీ నాయన ఉంటే ఏమనుండు?"

"తెల్దమ్మగారూ."

"ఎత్తే చేతులు దించేది ఎవురి పనో నీకు తెలుసు. నా నోటితో చెప్పించొద్దు."

సాతాను పేరు చెప్పలేదు గానీ చెప్పినట్టే అయింది. ఆ వారం మధ్యాహ్నపు ప్రార్థనలో నా విశ్వాసం బలపడాలని ప్రత్యేకంగా ప్రార్థించారు. నేను అక్కడే ఉన్నాను. ఆమెన్ అన్నాను కూడా. తర్వాతి ఆదివారం నుంచి వాకిలి బయట, చెప్పులు విడిచేచోట, గోడ నీడలో కూర్చున్నాను. అక్కడికి డోలు కొంచెం తక్కువగా వినబడేది. ప్రసంగం కూడా తక్కువగానే వినబడేది. వాక్యం అంటే నాకు పుట్టినప్పటి నుంచి పైకప్పు కింద అందరి మధ్య కూర్చుని వినేది. బయట కూర్చుని, సగం మాటలు గాలికి పోగా మిగిలినవి ఏరుకుంటుంటే, వెలివేసినవాళ్లు ఎట్లా ఉంటారో తెలిసింది. నన్ను ఎవరూ వెలివెయ్యలేదు. బయట కూర్చొమ్మని కూడా ఎవరూ చెప్పలేదు. లోపలికి రమ్మని మాత్రం చెప్పలేదు.

నెలల తరబడి మార్పు కనబడలేదు. ఏడాది దాటాక మెల్లగా ఉలికిపాటు తగ్గసాగింది. రైలు కూతకు ఒళ్లు ఒక్కసారి కదిలేది, చేతులు విసిరేది కాదు. నేను దేవునికి స్తోత్రం చెప్పుకుని, ఒక ఆదివారం ధైర్యం చేసి మళ్లీ లోపలికి పోయి, వెనక వరుసలో కూర్చున్నాను. పాట ముగిసింది. డోలు మోగింది. పాప నా ఒళ్లో కళ్లు ఆర్పుతూ కూర్చుంది. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. నేను పట్టుకోలేదు.

అందరూ చూశారు. ఇంకొక హల్లెలూయా అన్నారు. పాప కదల్లేదు. మూడోసారి డోలు కొట్టే అబ్బాయి కావాలనే గట్టిగా కొట్టాడేమో అనిపించింది. చెరుకు తోటల అవ్వ మెల్లగా లేచి వచ్చి, పాప చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని చూసింది.

"యాడికి పోయినాదమ్మా?" అని ఏడ్చింది. "ఈ బిడ్డలో ఉన్నింది యాడికి పోయినాది?"

ఆమె ఎవరినీ నిందించలేదు. నిజంగా ఏడ్చింది. ఏడాదికి పైగా నేను కష్టపడి సాధించింది ఇదే. దీని కోసమే ధర్మవరం తిరిగాను. సంతోషపడవలసిన చోట నాకూ ఏడుపు వచ్చింది. చేతులెత్తినన్నాళ్లు ఆమె అందరికీ కావలసిన బిడ్డ. ఇప్పుడు కూర్చోలేని, మాట్లాడలేని ఒక బిడ్డ. ఆ తర్వాత ఎవరూ ఆమె పాదాలు ముట్టుకోలేదు. జ్వరం పిల్లలను తేలేదు. పలకరించేవాళ్లు, జాలిపడేవాళ్లు, త్వరగా పక్కకు పోయేవాళ్లు. రైల్లోనూ మందిరంలోనూ ఆమె ఒకే బిడ్డ అయిపోయింది.

పోనీ, దానికి బదులు ముద్ద దొరికితే చాలనుకున్నాను. ఉలికిపాటు పోయింది గానీ తల తిరిగితే చెయ్యి చాచుకుపోయేది మాత్రం పోలేదు. ఏళ్లపాటు చేశాం. మేడం ఏం చెబితే అది చేశాం. ఎండిపోయిన చెయ్యిగల మనిషిని ప్రభువు చెయ్యి చాపమన్న సంగతి ఆదివారం బడిలో ఎంతమంది పిల్లలకు చెప్పానో. ఆ మనిషి చాపాడు, బాగైంది. నా బిడ్డకు చాపడమే రోగం. ముడవమని చెప్పిన సంగతి ఎక్కడైనా ఉందా అని లేఖనాలన్నీ తిరగేశాను. నాకు కనబడలేదు.

ఒక్కసారి మాత్రం దగ్గరికి వచ్చింది. పాపకు అప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు. ధర్మవరంలో, ఆ వరండాలోనే. మేడం ఆమెను వీపూ భుజాలూ ఆనుకునేట్టు చేసిన మూల కుర్చీలో కూర్చోబెట్టి, తల రెండు పక్కలా దిండ్లు పెట్టి, మోచెయ్యి బల్ల మీద ఆనించింది. చేతిలో చిన్న సంగటి ముద్ద. నేను ఎదురుగా, కళ్లకు సూటిగా కూర్చున్నాను, తల తిరగకుండా. చెయ్యి లేచింది. వణుక్కుంటూ, ఆగుతూ లేచింది. గడ్డానికి తగిలింది. పెదవికి తగిలింది. సంగటి రుచి తెలిసింది పాపకు. పక్కన నిలబడి ఉన్న వాళ్ల నాయన, "అంతే తల్లీ, అంతే," అన్నాడు.

ఆ గొంతు విని పాప నవ్వింది. నవ్వుతూ నాయనవైపు తిరిగింది. చెయ్యి బల్ల మీది నుంచి చాచుకుపోయింది. ముద్ద నేల మీద పడింది.

ఆయన బయటికి పోయి చాలాసేపు రాలేదు. ఆ తర్వాత పాప తినేటప్పుడు ఆయన ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. పక్క గదిలో కూర్చునేవాడు. ప్రేమగా పలికితే చెడిపోయే పని ఇంకేదైనా ఉంటుందా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

తర్వాత మేడం పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఆమె చోట వచ్చినతను పాపను చూసి మంచిగానే మాట్లాడాడు. "ఇంక ఇవి ఒళ్లు బిగుసుకుపోకుండా, ఎముకలు వంకర పోకుండా చేసుకోండమ్మా," అన్నాడు. ముద్ద సంగతి నేనడిగాను. అతను పాప మోచేతిని మడిచి చాచి, అది బిగుసుకోకుండా ఎట్లా పట్టుకోవాలో చూపించాడు. పాప పొడుగైంది, బరువైంది. పాసింజరు పెనుకొండలో ఆగే కాస్తసేపట్లో ఎక్కించడం నా వల్ల కాకుండా పోయింది. బుధవారాలు ఆగిపోయాయి. ఆదివారాలు కూడా ఎప్పుడో ఒకటి అయ్యాయి. దుప్పటిలో ఊపడం ఎప్పుడో మానేశాం. ఇద్దరం కలిసినా ఆమెను మొయ్యలేము. పక్కకు పడుకోబెట్టి చేతులు మధ్యకు తేవడం మాత్రం రోజూ చేస్తాను. చెయ్యడం మానేస్తే ఆశ మానేసినట్టవుతుందని కాదు. మానేస్తే ఆమెకు నొప్పి పెరుగుతుంది.

పాపకు పదిహేను దాటాక ఒక మధ్యాహ్నం అమ్మగారు మా క్వార్టర్సుకు వచ్చింది. పాస్టరుగారు రిటైరయ్యారు, ఆమెకు మోకాళ్ల నొప్పులు. అయినా రైలెక్కి ఒక్కతే వచ్చింది. నేను పాపకు తినిపిస్తున్నాను. ఆమె కాసేపు చూసి, "ఇట్లియ్యి, నేను పెడతా," అంది.

ఇచ్చాను. స్పూను నోటికి తగలగానే పాప పళ్లు బిగుసుకున్నాయి. అదీ ఆ పాత కదలికల్లో ఒకటే, నోటికి ఏది తగిలినా కొరికి పట్టుకోవడం. అమ్మగారు లాగింది. పట్టు వదల్లేదు. ఆగితే అదే వదులుతుందని చెప్పాను. ఆగింది. వదిలాక పెట్టిన పప్పన్నంలో సగం మెడ మీదికి వచ్చింది. పాప పొలమారింది. రెండో స్పూను తర్వాత ప్లేటు నాకిచ్చేసి, చీర మీద పడింది తుడుచుకుంది.

"దినామూ ఇంతేనా?"

"దినామూ ఇంతే అమ్మగారూ."

"మీరు పోయినాక ఎట్ల అని దిగులు పెట్టుకోవద్దమ్మా. సంఘం ఉండాది గదా."

"సంఘంలో ఎవురమ్మగారూ?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఒక్కొక్క ఇల్లూ తలచుకుంటున్నట్టు కనబడింది. నేను తినిపించడం ముగించి, పాప మొహం కడిగి, పక్కకు పడుకోబెట్టాను.

వెళ్లేముందు ప్రార్థన చేస్తానంది. మా వాడుక ప్రకారం ముందు ప్రార్థన అంశం అడగాలి. "ఏమని చెయ్యమంటావమ్మా?" అంది. అంతకాలం ఎవరడిగినా ఆరోగ్యం కోసమని చెప్పేదాన్ని. ఆ రోజు అట్లా చెప్పలేకపోయాను.

"మాకంటే ముందు పాపను తీసుకోమని చెయ్యండమ్మగారూ."

ఆమె కళ్లు మూసుకోలేదు. నన్నే చూసింది. కోప్పడుతుందనుకున్నాను, వాక్యం ఎత్తి సరిదిద్దుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"ఆ మాట నా నోట్లో నుంచి రాదమ్మా," అంది.

తర్వాత కళ్లు మూసుకుని ప్రార్థించింది. మా ఆయన ఉద్యోగం కోసం, పట్టాల మీద పనిచేసే వాళ్లందరి ప్రాణాల కోసం, వాన కోసం, నా నడుము నొప్పి కోసం, పాప నిద్ర కోసం. నేను అడిగింది తప్ప అన్నీ అడిగింది. నేను ఆమెన్ అన్నాను. స్టేషను దాకా పోయి ఆమెను రైలెక్కించి వచ్చాను.

ఆ ప్రార్థనలో నాకు తోడు వచ్చేవాళ్లు లేరు. మా ఆయన మనసులోనూ అదే ఉందని తెలుసు, ఎప్పుడూ పైకి అనుకోలేదు. నా దేవుడు విననివాడని నేను ఏనాడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. వింటాడు. అందుకే అడగడానికి భయం. అడిగిన రోజు సాయంత్రం పాప కొంచెం దగ్గితే నా ప్రాణం పోతుంది. అయినా మర్నాడు అన్నం మెత్తగా పిసికి, పప్పు కలిపి, మొదటి స్పూను ఎత్తే ముందు మళ్లీ అదే అడుగుతాను. తర్వాత ఆమె తల మధ్యలో నిలిపి పట్టుకుని, పళ్లు వదులయ్యేదాకా ఆగి, తినిపిస్తాను.